బ్యాగులో ఒక్క తూటా ఉన్నా కేసే.. సరిహద్దు దాటే ముందు ఇవి తెలుసుకోండి

విదేశీ ప్రయాణం అనగానే పాస్‌పోర్టు, వీసా, టికెట్, పచ్చళ్ల డబ్బాల బరువు.. అన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకుంటాం. బ్యాగును మాత్రం అటక మీద నుంచి దించి, దుమ్ము దులిపి, బట్టలు సర్దేస్తాం. అంతకుముందు ఆ బ్యాగు ఎవరు వాడారు, ఎక్కడికి తీసుకెళ్లారు, లోపలి జేబుల్లో ఏముందన్నది పెద్దగా పట్టించుకోం. విమానాశ్రయంలో తూటాతో దొరికిన ప్రయాణికుల నుంచి తరచూ వినిపించే మాట కూడా ఇదే: ‘పాత బ్యాగండీ, అందులో ఉందని నాకు తెలియదు’.

తుపాకీ లేదు. ఎవరికీ హాని చేసే ఉద్దేశమూ లేదు. అడుగున పడి ఉన్నది ఒకే ఒక్క తూటా. అయినా స్కానర్‌లో కనిపించిన క్షణం నుంచి అది పోలీసుల చేతిలోకి వెళ్లే వ్యవహారం. అదే పరాయి దేశంలో దొరికితే భాష తెలియదు, లాయర్ తెలియదు, చేతిలో ఉన్న వీసా ఏమవుతుందో తెలియదు.

ఇక్కడ అందరూ గుర్తుంచుకోవాల్సిన విషయం ఒక్కటే. తుపాకీ లైసెన్స్ ఇచ్చిన దేశంలోనే చెల్లుతుంది. టెక్సస్‌లో చట్టబద్ధంగా కొన్న తూటా శంషాబాద్‌లో దిగేసరికి లైసెన్స్ లేని తూటా అయిపోతుంది. హైదరాబాద్‌లో లైసెన్స్ మీద కొన్నది దుబాయ్‌లో దొరికినా అంతే. అందుకే భారత్, అమెరికాతో పాటు మరికొన్ని దేశాల్లో చట్టం ఏమంటోందో, దొరికితే ఏం చేయాలో, దొరకకుండా ఉండాలంటే ఏం చూసుకోవాలో తెలుసుకుందాం.

తూటా అంటే చట్టం దృష్టిలో ఏమిటి?

మన దేశంలో దీనికి ఆధారం 1959 నాటి ఆయుధాల చట్టం. తుపాకీకి ఎంత ప్రాధాన్యం ఇచ్చిందో, తూటాకూ ఈ చట్టం అంతే ప్రాధాన్యం ఇచ్చింది. తుపాకీ లేకుండా ఒక్క తూటా మాత్రమే ఉన్నా లైసెన్స్ ఉండాల్సిందే. ‘అమ్యునిషన్’ అనే మాటకు చట్టం ఇచ్చిన నిర్వచనం చాలా విశాలమైనది. పూర్తి తూటాలే కాదు, తూటా విడిభాగాలు కూడా అందులోకి వస్తాయి.

మరి పేల్చేసిన ఖాళీ తూటా సంగతేంటి? పొలీసు పరేడ్ గ్రౌండ్ దగ్గర ఏరుకున్నదో, షూటింగ్ రేంజ్ నుంచి గుర్తుగా తెచ్చుకున్నదో చాలామంది ఇళ్లలో ఉంటుంది. వాడే ఉద్దేశం లేకుండా చిన్న విడిభాగాలు దగ్గర ఉంచుకున్న వారికి ఇదే చట్టంలోని 45వ సెక్షన్ కొంత మినహాయింపు ఇస్తోంది. అయితే ఆ మినహాయింపు మీకు వర్తిస్తుందా లేదా అన్నది తేలేది తర్వాత. స్కానర్ దగ్గర ఉన్న సిబ్బందికి కనిపించేది తూటా ఆకారమే. అది ఖాళీదా, పేలేదా అని వాళ్లు అక్కడికక్కడ తేల్చరు. బ్యాగు పక్కన పెడతారు, మిమ్మల్ని ఆపుతారు. ఈలోగా విమానం వెళ్లిపోవచ్చు.

తూటా ఆకారంలో ఉండే కీచైన్లు, లాకెట్లు, లైటర్లతోనూ ఇదే చిక్కు. అవి నేరం కాకపోయినా మీ సమయాన్ని, ఒక్కోసారి ప్రయాణాన్నే మింగేస్తాయి. ఇంట్లో వదిలేసి వెళ్లడమే మేలు.

భారత్‌లో దొరికితే ఏ సెక్షన్, ఎంత శిక్ష?

లైసెన్స్ లేకుండా తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని ఆయుధాల చట్టం 3వ సెక్షన్ చెబుతోంది. వాటిని దేశంలోకి తేవడానికైనా, దేశం దాటించడానికైనా విడిగా లైసెన్స్ ఉండాలని 10వ సెక్షన్ చెబుతోంది. ఈ రెండింటిలో దేన్ని ఉల్లంఘించినా 25(1బి) కింద శిక్ష పడుతుంది.

2019లో పార్లమెంటు ఈ చట్టాన్ని సవరించి శిక్షలు పెంచింది. అంతకుముందు 25(1బి) కింద కనిష్ఠంగా ఏడాది, గరిష్ఠంగా మూడేళ్ల జైలు ఉండేది. ఇప్పుడది కనిష్ఠంగా 2 ఏళ్లు, గరిష్ఠంగా 5 ఏళ్లు. జరిమానా అదనం. తగిన ప్రత్యేక కారణాలుంటే, వాటిని తీర్పులో రాసి, 2 ఏళ్ల కంటే తక్కువ శిక్ష వేసే వీలు కోర్టుకు ఉంది. నిషేధిత రకానికి చెందిన ఆయుధాలు, తూటాలైతే శిక్ష ఇంకా కఠినం. అక్కడ లెక్క 7 ఏళ్ల నుంచి మొదలవుతుంది.

విమానాశ్రయంలో సాధారణంగా జరిగేది ఇదీ. సీఐఎస్ఎఫ్ సిబ్బంది స్కానర్‌లో తూటాను గుర్తించి, బ్యాగు తెరిపిస్తారు. లైసెన్స్ ఉందా అని అడుగుతారు. లేదంటే తూటాతో పాటు ప్రయాణికుణ్ని స్థానిక పోలీసులకు అప్పగిస్తారు. పోలీసులు ఎఫ్ఐఆర్ నమోదు చేసి, తూటాను పరీక్ష కోసం ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపుతారు. ఇది బెయిల్ హక్కుగా దొరికే నేరం కాదు. కానీ గరిష్ఠ శిక్ష 7 ఏళ్ల లోపే కాబట్టి అరెస్టు తప్పనిసరి కూడా కాదు. విచారణకు హాజరుకావాలని నోటీసు ఇచ్చి పంపే వీలు పోలీసులకు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 35వ సెక్షన్ కింద ఉంది.

ఇంకో రక్షణ కూడా ఉంది. 3వ సెక్షన్ కింద ఎవరినైనా కోర్టులో ప్రాసిక్యూట్ చేయాలంటే ముందుగా జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలని 39వ సెక్షన్ చెబుతోంది. ఆ అనుమతి లేకుండా కేసు ముందుకు నడవదు. మీ లాయర్ మొదట చూడాల్సిన కాగితాల్లో ఇదొకటి.

‘50 తూటాల వరకు ఫర్వాలేదు’ నిజమేనా?

ఇది చాలామందిని తప్పుదారి పట్టించే మాట. 2016 నాటి కస్టమ్స్ బ్యాగేజీ నిబంధనల్లో, సుంకం మినహాయింపు వర్తించని వస్తువుల జాబితాలో ‘50కి మించిన తూటాలు’ అని ఉండేది. అది చదివి, 50 లోపు అయితే ఎవరైనా తెచ్చుకోవచ్చేమో అనుకుంటారు.

ఆ నిబంధన మాట్లాడేది పన్ను గురించి మాత్రమే. తూటా తెచ్చుకునే హక్కు గురించి కాదు. ఆ హక్కు ఉందో లేదో తేల్చేది ఆయుధాల చట్టం. లైసెన్స్ లేనివారికి 50 కాదు, ఒకటి కూడా కుదరదు.

10వ సెక్షన్‌లో రెండు మినహాయింపులున్నాయి. మొదటిది, మన దేశంలో ఆయుధం కలిగి ఉండేందుకు లైసెన్స్ ఉన్నవారు సొంత అవసరానికి సరిపడా పరిమాణంలో వాటిని దేశంలోకి తేవచ్చు, బయటికి తీసుకెళ్లవచ్చు. పరిమాణం మీద గానీ, అర్హత మీద గానీ కస్టమ్స్ కమిషనర్‌కు అనుమానం వస్తే కేంద్ర ప్రభుత్వం నుంచి ఆదేశాలు వచ్చేదాకా వాటిని ఆపి ఉంచే అధికారం ఉంది. రెండోది, కేంద్రం నోటిఫై చేసిన దేశాల నుంచి వచ్చే పర్యాటకులు, కేవలం క్రీడ కోసం, షరతులకు లోబడి తెచ్చుకోవచ్చు.

సంక్రాంతికి ఊరొచ్చే ఎన్నారైకి ఈ రెండూ సాధారణంగా వర్తించవు. అమెరికా పాస్‌పోర్టు ఉన్నా, అక్కడ తుపాకీ ఉన్నా, ఇక్కడి లైసెన్స్ లేకపోతే మన చట్టం దృష్టిలో లైసెన్స్ లేనివారే.

అమెరికాలో హెచ్-1బీ, ఎఫ్-1 మీద ఉన్నారా? ముందు ఇది చదవండి

అమెరికాలో తుపాకీ సంస్కృతి చూసి, అక్కడ ఎవరైనా కొనుక్కోవచ్చు, ఎవరైనా కాల్చవచ్చు అనుకుంటారు కొత్తగా వెళ్లిన మన పిల్లలు. వారాంతంలో స్నేహితులతో కలిసి షూటింగ్ రేంజ్‌కు వెళ్లి, ఫొటోలు దిగి, ఒకట్రెండు తూటాలు జేబులో వేసుకొచ్చేవారూ ఉంటారు. అసలు సమస్య సరిహద్దు దగ్గర కాదు, అక్కడే మొదలవుతుంది.

అమెరికా ఫెడరల్ చట్టంలోని 922(జి)(5) నిబంధన ప్రకారం, నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఆ దేశంలోకి వచ్చినవారు తుపాకీ గానీ, తూటా గానీ కలిగి ఉండకూడదు. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, బీ-2.. ఇవన్నీ నాన్ ఇమిగ్రెంట్ వీసాలే. ఉల్లంఘిస్తే గరిష్ఠ శిక్ష 2022 సవరణ తర్వాత 15 ఏళ్లు. రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాసేపు పట్టుకున్నా అది కలిగి ఉండటం కిందికే వస్తుంది.

దీనికి మినహాయింపులున్నాయి. అమెరికాలోని ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన వేట లైసెన్స్ మీ దగ్గర ఉండటం వాటిలో ముఖ్యమైనది. అది లేకుండా రేంజ్‌కు వెళ్లే ముందు ఒక ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగడం తెలివైన పని. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు.

ఇది కాగితాల మీద మిగిలిపోయిన చట్టం కాదు. 2019లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన రెహైఫ్ కేసు ఇలాంటిదే. యూఏఈ నుంచి స్టూడెంట్ వీసా మీద ఫ్లోరిడాకు వచ్చిన యువకుడు యూనివర్సిటీలో చదువు ఆగిపోవడంతో చట్టబద్ధ హోదా కోల్పోయాడు. ఆ తర్వాత షూటింగ్ రేంజ్‌కు వెళ్లి కాల్చాడు. అదే కేసైంది. తాను చట్టవిరుద్ధంగా దేశంలో ఉంటున్నానన్న సంగతి నిందితుడికి తెలుసని కూడా ప్రభుత్వం నిరూపించాలని సుప్రీంకోర్టు చెప్పింది. నిందితులకు అనుకూలమైన తీర్పే. కానీ అది రావడానికి అతను కింది కోర్టు నుంచి పైకోర్టు దాకా పోరాడాల్సి వచ్చింది.

ఈ నిబంధన కింద దోషిగా తేలితే సమస్య జైలుతో ఆగదు. అమెరికా వలస చట్టం దీన్ని తీవ్ర నేరాల జాబితాలో పెట్టింది. అంటే దేశం నుంచి పంపించేయడం, మళ్లీ వీసా దొరక్కపోవడం. అంతదాకా కట్టుకున్న జీవితం ఒక్క కేసుతో తలకిందులవుతుంది.

తుపాకీ ఉన్న అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డుదారుల సంగతేంటి?

దేశం దాటించాలంటే వీరికీ నిబంధనలున్నాయి. వ్యక్తిగత వాడకానికి, తిరిగి తెచ్చే ఉద్దేశంతో 3 తుపాకులు, 1,000 తూటాల వరకు తాత్కాలికంగా బయటికి తీసుకెళ్లేందుకు ఎగుమతి నిబంధనల్లో మినహాయింపు ఉంది. వాటిని కస్టమ్స్ అధికారులకు ముందే ప్రకటించాలి. గుర్తుంచుకోండి, ఇది అమెరికా నుంచి బయటికి వెళ్లేందుకు ఇచ్చిన అనుమతి. భారత్‌లోకి రావడానికి కాదు. ఇక్కడికి రావాలంటే ఇక్కడి అనుమతి విడిగా ఉండాల్సిందే.

అమెరికాలోకి తూటాలు తీసుకురావడం ఇంకో మెట్టు. దానికి ‘ఫారం 6’ ద్వారా ముందుగా అక్కడి ఏటీఎఫ్ సంస్థ నుంచి దిగుమతి అనుమతి తీసుకోవాలి.

ఇక విమానం విషయానికొస్తే, తూటాలను క్యాబిన్ బ్యాగులో ఎక్కడా అనుమతించరు. చెకిన్ బ్యాగులో తీసుకెళ్లాలన్నా ఎయిర్‌లైన్స్ ముందస్తు ఆమోదం ఉండాలి. అంతర్జాతీయ విమానయాన నిబంధనల ప్రకారం ఒక్కో ప్రయాణికుడికి ప్యాకింగ్‌తో కలిపి 5 కిలోల వరకే అనుమతి. పేలుడు, నిప్పు రగిలించే రకం తూటాలు పూర్తిగా నిషేధం. ఇద్దరి కోటా కలిపి ఒకే పెట్టెలో పెట్టకూడదు. ఇవన్నీ పాటించినా, ఎయిర్‌లైన్స్ ఒప్పుకున్నంత మాత్రాన దిగే దేశం ఒప్పుకున్నట్టు కాదు.

సెలవులకు వెళ్లి ఇరుక్కున్నారు

కరీబియన్ ప్రాంతంలో టర్క్స్ అండ్ కైకోస్ అనే చిన్న దీవుల సమూహం ఉంది. బ్రిటన్ అధీనంలోని ప్రాంతం. అమెరికన్లు సెలవులకు ఎక్కువగా వెళ్లే చోటు. అక్కడి చట్టం ప్రకారం అనుమతి లేకుండా తూటా దొరికితే కనీస శిక్ష 12 ఏళ్లు. 2024లో ఐదుగురు అమెరికన్ పర్యాటకులు బ్యాగుల్లో తూటాలతో అక్కడ కేసుల్లో చిక్కుకున్నారు. వేటకు వాడిన బ్యాగు ఖాళీ చేయడం మరిచిపోయామన్న తరహా వివరణలే వినిపించాయి.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఈ తూటాలు అమెరికాలో విమానం ఎక్కేటప్పుడు ఎవరి కంటా పడలేదు. ఎక్కువగా తిరుగు ప్రయాణంలో, దీవుల్లోని విమానాశ్రయ తనిఖీలో బయటపడ్డాయి. వెళ్లేటప్పుడు పట్టుకోలేదంటే అనుమతి ఉన్నట్టు కాదు. అమెరికాలో స్కానర్ దాటిన తూటా, నెల తర్వాత శంషాబాద్‌లో తిరుగు విమానం ఎక్కేటప్పుడు దొరకవచ్చు. అప్పుడు వర్తించేది మన చట్టమే.

చివరికి ఈ పర్యాటకులు జరిమానాలతో, సస్పెండ్ చేసిన శిక్షలతో ఇళ్లకు చేరుకోగలిగారు. ఈ కేసుల మీద వచ్చిన ఒత్తిడితో 2024 జూన్‌లో అక్కడి చట్టాన్ని సవరించి, ప్రత్యేక పరిస్థితుల్లో శిక్ష విషయంలో జడ్జీలకు వెసులుబాటు కల్పించారు. అప్పటికే వారు పిల్లలకు, ఉద్యోగాలకు దూరంగా బెయిల్ మీద దీవుల్లో రోజులు లెక్కపెట్టాల్సి వచ్చింది.

మెక్సికో సరిహద్దు కూడా ఇంతే కఠినం. కాలిఫోర్నియా, టెక్సస్‌ల నుంచి కారులో సరదాగా వెళ్లివచ్చే దూరమే. కానీ అక్కడి సైన్యం ఇచ్చే ముందస్తు అనుమతి లేకుండా తుపాకీ గానీ, తూటా గానీ తీసుకెళ్తే నేరం. 2014లో ఒక మాజీ అమెరికా సైనికుడు దారి తప్పి సరిహద్దు దాటానని చెప్పినా, కారులో తుపాకులు, తూటాలు దొరకడంతో 214 రోజులు అక్కడి జైల్లో గడిపాడు. మీరు అద్దెకు తీసుకున్న కారైనా, స్నేహితుడి కారైనా సరే.. డ్యాష్‌బోర్డు అర, సీట్ల కింద, డిక్కీ చూశాకే సరిహద్దు వైపు వెళ్లండి.

ఫిలిప్పీన్స్‌లో మెడిసిన్ చదివే తెలుగు విద్యార్థులు చాలామందే ఉన్నారు. వాళ్లు తెలుసుకోవాల్సిన కథ ఇంకొకటి. 2015లో మనీలా విమానాశ్రయంలో ‘తానిమ్ బాలా’ వివాదం రేగింది. ఆ మాటకు తూటా నాటడం అని అర్థం. సిబ్బందే ప్రయాణికుల బ్యాగుల్లో తూటాలు పెట్టి, డబ్బులు గుంజుతున్నారన్న ఆరోపణలు వెల్లువెత్తాయి. జనం భయపడి బ్యాగులకు ప్లాస్టిక్ చుట్టించుకున్నారు. ఆ దేశంలో తూటాను తాయెత్తులా దగ్గర ఉంచుకునే అలవాటు కూడా కొందరిలో ఉంది. అక్కడి చట్టంలో చిన్న తుపాకీ తూటా అక్రమంగా దొరికినా శిక్ష ఆరేళ్లకు పైమాటే. తాళం వేసిన బ్యాగు, జిప్పులన్నీ మూసి తీసిన ఫొటో ఇలాంటి చోట ఎంత అవసరమో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

మధ్యలో విమానం మారేవారికీ ఇది వర్తిస్తుంది. దుబాయ్, దోహా, అబుదాబి మీదుగా వెళ్లే ప్రయాణికుల బ్యాగులను అక్కడా తనిఖీ చేస్తారు. ‘నేను ఆ దేశంలోకి అడుగే పెట్టలేదు, విమానం మారానంతే’ అన్న మాట అక్కడి చట్టం నుంచి కాపాడదు.

‘నాకు తెలియదు’ అంటే సరిపోతుందా?

మన దేశంలో ఈ వాదనకు బలం ఉంది. ఆయుధాల చట్టం కింద ‘కలిగి ఉండటం’ అంటే వస్తువు దగ్గర ఉండటం మాత్రమే కాదని, అది తన దగ్గర ఉందన్న ఎరుక కూడా ఉండాలని సుప్రీంకోర్టు 1972లో గుణవంత్‌లాల్ కేసులో చెప్పింది. 1994లో సంజయ్ దత్ కేసులో టాడా చట్టం సందర్భంగానూ రాజ్యాంగ ధర్మాసనం ఇదే సూత్రాన్ని నొక్కి చెప్పింది.

ఈ సూత్రం ఆధారంగానే, బ్యాగులో పొరపాటున ఒక తూటా దొరికిన ప్రయాణికులపై నమోదైన ఎఫ్ఐఆర్‌లను ఢిల్లీ హైకోర్టు అనేకసార్లు కొట్టేసింది. తుపాకీ లేదు, ఒకే తూటా ఉంది, దురుద్దేశానికి ఆధారం లేదు.. ఇలాంటి అంశాలను కోర్టు పరిగణనలోకి తీసుకుంటుంది. ఎఫ్ఐఆర్ కొట్టేయాలని హైకోర్టును కోరేందుకు ఇప్పుడు దారి నాగరిక్ సురక్షా సంహితలోని 528వ సెక్షన్. 2024 జులై 1కి ముందు ఇదే సీఆర్‌పీసీ 482గా ఉండేది.

కానీ రెండు విషయాలు మరవొద్దు. ఒకటి, గుణవంత్‌లాల్ తీర్పే ఇంకో మాట కూడా చెప్పింది. వస్తువు చేతిలో లేకపోయినా, దాని మీద అధికారం, ఎరుక ఉంటే అది మీ దగ్గర ఉన్నట్టే. కాబట్టి లైసెన్స్ లేని తూటాలను తెలిసి స్నేహితుడి బ్యాగులో పెట్టించినా తప్పించుకోలేరు. రెండోది, తెలియదన్న వాదన నెగ్గేది కోర్టులో. విమానాశ్రయంలో కాదు. ఈలోగా విమానం తప్పిపోతుంది. కాలేజీ చేరే గడువు దాటిపోవచ్చు. విదేశీ ప్రయాణానికి కోర్టు అనుమతి అవసరం కావచ్చు. తర్వాత ఏ దేశానికి వీసా దరఖాస్తు చేసినా, అరెస్టయ్యారా, కేసులున్నాయా అన్న ప్రశ్నకు నిజం రాయాలి. కేసు గెలిచినా ఈ ఖర్చులు తిరిగిరావు.

విదేశాల్లోనైతే ఈ సూత్రం ఉంటుందన్న హామీ కూడా లేదు. కొన్ని దేశాల్లో బ్యాగు మీదైతే అందులోని వస్తువూ మీదే.

దొరికితే అక్కడికక్కడ ఏం చేయాలి?

వాదనకు దిగకండి, పారిపోయే ప్రయత్నం చేయకండి. తూటాను చేత్తో ముట్టుకోకండి. బ్యాగు ఎవరిది, ఎప్పుడు తీసుకున్నారు అన్నది ఉన్నదున్నట్టు చెప్పండి. కంగారులో ఒక్కొక్కరికి ఒక్కో కథ చెబితే, తెలియదన్న మీ అసలు వాదనే దెబ్బతింటుంది.

తూటా తండ్రిదో, బంధువుదో అయి వారికి లైసెన్స్ ఉంటే, లైసెన్స్ కాపీని, తూటాలు కొన్న బిల్లును వెంటనే తెప్పించండి. దాంతో మీకు లైసెన్స్ వచ్చేయదు గానీ, తూటా ఎక్కడి నుంచి వచ్చిందో తేలుతుంది. మీ మాటకు ఆధారం దొరుకుతుంది. కుటుంబానికి, లాయర్‌కు సమాచారం ఇచ్చే హక్కు మీకుంది. అడగండి.

విదేశంలోనైతే మొదట చెప్పాల్సిన వాక్యం: ‘నేను భారతీయుణ్ని, మా కాన్సులేట్‌కు తెలియజేయండి’. అలా కోరితే ఆలస్యం చేయకుండా తెలియజేయాలని 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందంలోని 36వ అధికరణం చెబుతోంది. కాన్సులేట్ మిమ్మల్ని విడిపించలేదు. మీ తరఫున వాదించదు. కానీ మీరు ఎక్కడున్నారో కుటుంబానికి చెబుతుంది, స్థానిక లాయర్ల వివరాలు ఇస్తుంది, వచ్చి కలుస్తుంది. మీరు అమెరికా పాస్‌పోర్టు ఉన్న ఓసీఐ కార్డుదారైతే భారత కాన్సులేట్ కాదు, అమెరికా కాన్సులేట్‌ను అడగాలి.

భాష అర్థంకాని కాగితం మీద సంతకం పెట్టకండి. దుబాసీ కావాలని అడగండి. ఇక్కడి కుటుంబ సభ్యులు విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్ వారు ఏపీ ఎన్నార్టీ సొసైటీని, తెలంగాణ వారు రాష్ట్ర ప్రభుత్వ ఎన్నారై విభాగాన్ని సంప్రదించవచ్చు.

లైసెన్స్ ఉన్నవారు, షూటింగ్ క్రీడాకారులు

గగన్ నారంగ్ లండన్ ఒలింపిక్స్‌లో పతకం గెలిచాక హైదరాబాద్‌లో షూటింగ్ నేర్చుకునే పిల్లలు పెరిగారు. పోటీలకు విదేశాలు వెళ్లే క్రీడాకారులు తూటాలు తీసుకెళ్లడం మామూలే. అయితే వాళ్లకు కాగితాల గొలుసు ఒకటి సిద్ధంగా ఉంటుంది. ఇక్కడి లైసెన్స్, పోటీ ఆహ్వానం, ఎయిర్‌లైన్స్ ముందస్తు ఆమోదం, వెళ్లే దేశం ఇచ్చిన తాత్కాలిక అనుమతి, మధ్యలో ఆగే దేశం అనుమతి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగతావి పనికిరావు. తూటాల సంఖ్య కాగితం మీద ఉన్నదానితో సరిపోవాలి. పోటీలో వాడగా మిగిలినవాటి లెక్క కూడా రాసి పెట్టుకోవాలి.

మాజీ సైనికులు, భద్రతా సిబ్బంది, ఆత్మరక్షణకు లైసెన్స్ తీసుకున్న వ్యాపారులు.. మీ ఇంట్లో ఇలాంటివారుంటే జాగ్రత్త రెట్టింపు కావాలి. తుపాకీ, తూటాలు పెట్టే బ్యాగును ప్రయాణాలకు వాడనివ్వకండి. దానికి ఒక గుర్తు పెట్టి, విడిగా ఉంచండి.

ఇంట్లో అనుకోకుండా తూటా కనిపిస్తే?

తాతగారి పెట్టెలోనో, పాత బీరువాలోనో తూటాలు బయటపడటం అరుదేమీ కాదు. చెత్తబుట్టలో వేయడం, కాలువలో పారేయడం, నిప్పులో వేయడం చేయొద్దు. వాటిని దగ్గరలోని పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న ఆయుధ డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలని ఆయుధాల చట్టంలోని 21వ సెక్షన్ చెబుతోంది. అప్పగించినట్టు రసీదు తీసుకోండి. ముందే స్టేషన్‌కు ఫోన్ చేసి చెప్పి వెళ్తే ఇంకా మంచిది.

అప్పటికే విమానాశ్రయానికి చేరుకున్నాక కనిపించిందా? డస్ట్‌బిన్‌లోనో, టాయిలెట్‌లోనో పడేయాలన్న ఆలోచన రానివ్వకండి. అక్కడంతా సీసీ కెమెరాలే. దాచే ప్రయత్నం చేశారంటే, ఉందని మీకు తెలుసని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. తనిఖీకి ముందే సీఐఎస్ఎఫ్ సిబ్బందికి మీ అంతట మీరు చెప్పండి. కేసు ఉండదన్న హామీ లేకపోయినా, దురుద్దేశం లేదనడానికి అంతకు మించిన రుజువు ఉండదు.

ప్రయాణానికి ముందు పది నిమిషాలు

• బ్యాగును పూర్తిగా ఖాళీ చేసి, తలకిందులు చేసి దులపండి. లోపలి గుడ్డ చిరిగి ఉంటే దాని వెనక కూడా చేయి పెట్టి చూడండి. తూటాలు జారి ఇరుక్కునేది అక్కడే.

• పక్క జేబులు, షూ అర, ల్యాప్‌టాప్ బ్యాగు అడుగు, జాకెట్ జేబులు, పాత పర్సులు విడివిడిగా చూడండి. టార్చి వేసి చూస్తే ఇంకా మంచిది.

• అడిగి తెచ్చుకున్న బ్యాగైతే ఇచ్చినవారిని సూటిగా అడగండి: ‘దీన్ని ఎప్పుడైనా వేటకు, షూటింగ్ రేంజ్‌కు, డ్యూటీకి వాడారా?’ మొహమాటపడితే నష్టం మీకే.

• షూటింగ్ రేంజ్‌కు, వేటకు వాడే బ్యాగులను విమాన ప్రయాణానికి వాడొద్దు. ఏడాది తర్వాతైనా సరే.

• ఎవరో ఇచ్చిన పార్సిల్‌ను తెరిచి చూడకుండా తీసుకెళ్లొద్దు. ‘మా అబ్బాయికి ఇవ్వండి’ అన్నవారు ఎంత దగ్గరివారైనా, బ్యాగు ట్యాగ్ మీద ఉండేది మీ పేరే.

• సర్దడం పూర్తయ్యాక జిప్పులు మూసి, తాళం వేసి, ఫొటో తీసుకోండి. చెకిన్ అయ్యేదాకా బ్యాగును కంటికి ఎదురుగా ఉంచుకోండి.

• తిరుగు ప్రయాణంలోనూ ఇదంతా మళ్లీ చేయండి. వెళ్లేటప్పుడు ఎవరూ ఆపలేదు కదా అన్న ధీమా వద్దు.

• వెళ్లే దేశంలోని మన రాయబార కార్యాలయం అత్యవసర నంబరును ఫోన్‌లోనే కాదు, కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి. ఏదైనా జరిగితే మీ నుంచి ముందు తీసుకునేది ఫోన్‌నే.

ఇక్కడ చెప్పినవి సాధారణ అవగాహన కోసం. మీ మీద కేసు నమోదైతే ఆ దేశంలో, ఆ ఊళ్లో ప్రాక్టీస్ చేసే లాయర్ సలహాతోనే ముందుకెళ్లండి. అంతదాకా రాకుండా చూసుకోవడం మాత్రం మీ చేతుల్లోనే ఉంది. దానికి కావాల్సింది ఖాళీ చేసిన బ్యాగు, ఒక టార్చి లైటు, పది నిమిషాల ఓపిక.